అర్వో చేసిన రెండువందల పద్నాలుగు పొయ్యిలు

అర్వో హుట్టునెన్ తన జీవితంలో రెండువందల పద్నాలుగు సౌనా పొయ్యిలు, అంటే ఆవిరిస్నానపు గదుల్లో పెట్టే పొయ్యిలు, చేశాడు. అందులో నూట ఆరోది మా ఇంట్లో ఉంది. నేను ముప్పై మూడేళ్ళు ఈ సరస్సు చుట్టుపక్కల ఉత్తరాలు పంచాను కాబట్టి మిగతావి ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో కూడా నాకు తెలుసు.

మా ఊరు సరస్సుకీ గుట్టకీ మధ్య పళ్ళెంలా ఉంటుంది. శనివారం మధ్యాహ్నం మూడు దాటేసరికి ఇంటింటా సౌనా వెలిగిస్తారు. గాలి లేని చలిరోజుల్లో ఆ పొగ దేవదారు చెట్ల చివళ్ళదాకా లేచి, ఇక పైకి పోబుద్ధికానట్టు అక్కడే అడ్డంగా పడుకుంటుంది. అది చూసి మేమెవరమూ పొగ అనుకోలేదు. శనివారం అనుకున్నాం. ఎవరి గొట్టంలోంచి పొగ రాకపోతే వాళ్ళకి ఒంట్లో బాగాలేదేమోనని వెళ్ళి తలుపు తట్టేవాళ్ళం.

అర్వో మొదట్లో రంపపుమిల్లులో యంత్రాలు బాగుచేసేవాడు. పంతొమ్మిదివందల డెబ్బైతొమ్మిదిలో మిల్లువాళ్ళు మనుషుల్ని తగ్గించారు. ఆ రోజు ఇంటికొచ్చి భార్య హిల్కాతో, ఇక పొద్దున్నే లేవనక్కర్లేదని మాత్రం చెప్పాడట. మర్నాడు మామూలుకంటే ముందే లేచి, పెరట్లో షెడ్డు ఊడ్చి, పాత బాయిలరు రేకుతో సొంత ఇంటికి ఒక పొయ్యి వెల్డింగ్ చేశాడు. దాన్ని పొరుగాయన చూశాడు. పొరుగాయన చేయించుకున్నదాన్ని మా మామగారు చూశారు. అలా మొదలైంది.

అతని పొయ్యికి పేరు తెచ్చింది దాని వేగం. మిగతావాళ్ళ పొయ్యిలు గంటా గంటంపావు తీసుకుంటే, అర్వో పొయ్యి మీద, నీళ్ళు పోసి ఆవిరి పుట్టించే రాళ్ళు ముప్పై ఐదు నిమిషాల్లో కాగేవి. కింద వెడల్పాటి ఇనుప జాలీ పెట్టాడు. అగ్గిపుల్ల గీసి తలుపు మూస్తే చాలు, కింది నుంచి గాలి రైలులా హోరెత్తుతూ పోయేది. బస్సు దిగి ఇంటికి ఫోన్ చేస్తే, నడిచి వెళ్ళి కోటు విప్పేసరికి సౌనా సిద్ధంగా ఉండేది. పని మీద నుంచి వచ్చిన మనిషికి అంతకన్నా ఏం కావాలి?

అర్వో మాటలు తక్కువ మనిషి. మా సావో ప్రాంతంలో అది అరుదు. ఇక్కడ ఎవర్నైనా దారి అడిగితే ముందు వాతావరణం, తర్వాత వాళ్ళ అత్తగారి మోకాలు, ఆ తర్వాత కుడివైపు వెళ్ళొచ్చు, ఎడమవైపూ వెళ్ళొచ్చు అనే జవాబు. అర్వో అయితే చెయ్యి చూపించేవాడు. పొయ్యి కొనడానికి వచ్చినవాళ్ళని అతను ఒక్కటే అడిగేవాడు, సౌనా గది పొడవూ వెడల్పూ ఎత్తూ ఎంత అని. జవాబు విని, ఎన్ని వారాల్లో ఇస్తాడో వేళ్ళతో చూపించేవాడు. ప్రతి తలుపు మీదా అంకె కొట్టి, కొన్నవాళ్ళ పేరూ ఊరూ గళ్ళ నోటుపుస్తకంలో రాసుకునేవాడు.

రెండువేల తొమ్మిది నవంబరులో మారిత్ అనే నడివయసు ఆవిడ నగరం నుంచి వ్యానులో వచ్చింది. పొయ్యి కావాలంది. అర్వో గది కొలతలు అడిగాడు.

“గది లేదండీ,” అంది ఆవిడ.

“మరి పొయ్యి ఎక్కడ పెడతారు?”

“విశ్వవిద్యాలయంలో పెద్ద హాలుంది. అక్కడ పెట్టి వెలిగించి, పొగ కొలుస్తాం.”

“స్నానం ఎవరు చేస్తారు?”

“ఎవరూ చెయ్యరు.”

“పొయ్యికి ఆ సంగతి చెప్పకండి,” అన్నాడు.

అదే రెండువందల పద్నాలుగోది. అతను చేసిన చివరిది కూడా అదే అవుతుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

మార్చిలో మందపాటి కవరు వచ్చింది. దాన్ని అతని ఉత్తరాల డబ్బాలో వేసింది నేనే. లోపల ఆరు పొయ్యిల లెక్కలున్నాయి. తయారుచేసినవాళ్ళ పేర్లు లేవు, పొయ్యికొక అక్షరం ఉంది, అంతే. మీది చివరి అక్షరం అని మారిత్ పక్కన చేత్తో రాసింది. గొట్టంలోంచి వచ్చే సన్నటి మసిదుమ్ము ఎంతో చూపించే గీతలు ఐదింటికి అగ్గిపుల్లంత పొడవున్నాయి. చివరిదానికి కాగితం చాలక గీతని మధ్యలో విరిచి వేశారు.

అర్వో రెండు వారాలు నోరు విప్పలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. హిల్కా మాత్రం గమనించింది. ఒక సాయంత్రం ఆవిడ బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే, అతను కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, వేలుతో చివరి గీత చూపించాడు. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది.

“అవును,” అంది.

“అవునంటే?”

“నేను శనివారం దుప్పట్లు బయట ఆరేస్తానా?”

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో భార్య దుప్పట్లు ఎక్కడ ఆరేస్తుందో అతను ఎప్పుడూ చూడలేదు.

“అటక మీద ఆరేస్తాను. బయటేస్తే నల్లటి చుక్కలు పడతాయి. పొరుగున పావులా వాళ్ళూ అంతే, రీట్టా వాళ్ళూ అంతే.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదుగా,” అంది హిల్కా. తర్వాత ఆవిడకే ఆ మాట చాలనిపించలేదు కాబోలు, కత్తి కింద పెట్టి, “నీ పొయ్యిని ఊరంతా మెచ్చుకుంటుంటే నేను దుప్పట్ల గురించి ఎలా మాట్లాడతాను?” అంది.

మర్నాడు అతను పెళ్ళిళ్ళకి వేసుకునే సూటు వేసుకుని బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. హాల్లో తన పొయ్యి నిలబడి ఉంది, ఒంటినిండా గొట్టాలూ తీగలూ. ఆసుపత్రిలో చుట్టాన్ని చూసినట్టుందని తర్వాత హిల్కాతో అన్నాడట. మారిత్ అతనికి మూతలున్న రెండు చిన్న గాజు పళ్ళాలు చూపించింది. పొగని పీల్చిన గుండ్రటి కాగితాలు వాటిలో ఉన్నాయి. ఒకటి పాలు ఎక్కువైన కాఫీ రంగు. రెండోది మాడిన రొట్టె అడుగు. రెండోది ఎవరిదో అతను అడగలేదు.

మారిత్ మెత్తటి మనిషి. “మీరు మరీ బాగా చేశారండీ,” అంది. “కింది నుంచి గాలి అంత జోరుగా కొడితే కట్టెలన్నీ ఒక్కసారే ఆవిరైపోతాయి. ఆ ఆవిరి కాలడానికి పైన గాలి చాలదు. కాలకుండానే గొట్టంలోంచి బయటికి పోతుంది.”

అది జనం లోపలికి పోతుందా అని అర్వో అడిగాడు. పోతుందని ఆవిడ చెప్పింది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, గుండెజబ్బున్నవాళ్ళకీ ఉబ్బసమున్నవాళ్ళకీ ఎక్కువ హాని. ఇందులో పొయ్యి తప్పు ఎంతో వెలిగించేవాళ్ళ తప్పూ అంతే అనీ, తడికట్టెలూ చెత్తా వేసేవాళ్ళే ఎక్కువనీ కూడా చెప్పింది. అర్వో తలూపాడు. బస్సులో ఇంటికొచ్చి సూటు మడత పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, కొత్తగా కోసిపెట్టుకున్న రేకులన్నిటినీ గోడవైపు తిప్పి పెట్టాడు.

పొగ కొలిచే యంత్రం అతని దగ్గర లేదు. హిల్కా వాక్యూమ్ క్లీనర్ ఉంది. పొగగొట్టానికి పక్కన కన్నం పెట్టి, పొడుగాటి ఇనుప గొట్టం బిగించి, పొగ చల్లారడానికి దాన్ని మంచుదిబ్బలోంచి లాక్కొచ్చి, చివర కాఫీ వడకట్టే కాగితం కట్టి, దాని వెనక వాక్యూమ్ క్లీనర్ పెట్టాడు. పది నిమిషాలు నడిపితే కాగితం రంగు మారేది. దాని మీద తేదీ రాసి, దుప్పట్లు ఆరేసే తాడుకి క్లిప్పు పెట్టి తగిలించేవాడు. నేను ఉత్తరాలకి వెళ్ళినప్పుడల్లా ఆ తాడు చూసేదాన్ని. ఏప్రిల్ కాగితాలు బొగ్గులా ఉండేవి. హిల్కా కిటికీలోంచి చూసి, ఇల్లు ఊడ్చడానికి ఇప్పుడు దేన్ని వాడాలో అడిగిందట. చీపురుందిగా అని అర్వో అన్నాడు. ఆ వేసవంతా హిల్కా చీపురుతో ఊడ్చింది. అర్వో షెడ్డు వైపు మాత్రం ఊడ్చలేదు.

తొమ్మిది జాలీలు పాడుచేశాక అతనికి దారి దొరికింది. కింది జాలీలో సగం ఇనుప పలకతో మూసేశాడు. తలుపు పైభాగంలో వరసగా కన్నాలు వేసి, మంట పైకి గాలి తగిలేలా చేశాడు. కట్టెలు సన్నగా చీల్చకుండా లావుగా, తక్కువగా పేర్చి, మంట కింద కాకుండా పైన అంటించాడు. అక్టోబరులో తాడు మీద తగిలించిన కాగితం పాలు పోసిన కాఫీ రంగులో ఉంది. ఆ సాయంత్రం హిల్కా సౌనాలో పై మెట్టు మీద కూర్చుని రాళ్ళ మీద నీళ్ళు పోసి, ఆవిరి మెడ చుట్టూ తిరిగి వచ్చేదాకా ఆగి, బాగానే ఉందంది. మా దగ్గర అంతకుమించిన మెప్పు లేదు.

ఒక్కటే చిక్కు. ముప్పై ఐదు నిమిషాలు పోయి నలభై ఏడు అయ్యాయి.

ఆ తర్వాతి వసంతంలో అర్వో నోటుపుస్తకం, వెల్డింగ్ సామాను వ్యానులో వేసుకుని ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టాడు. ప్రతి గుమ్మంలోనూ ఒకే మాట చెప్పాడు, నేను అమ్మిన పొయ్యిలో తప్పుంది, సరిచేయడానికి వచ్చాను అని. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు, కాఫీ తప్ప. పలకరించడానికి కూడా ఎవరింటికీ వెళ్ళని మనిషి ఇల్లిల్లూ తిరుగుతుంటే జనం వేరేలా అర్థం చేసుకున్నారు. డాక్టరు ఏదో చెప్పి ఉంటాడని, అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాడని అనుకున్నారు. ఒకావిడ హిల్కాకి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, ఇంకెంత కాలమని అడిగింది.

“ఆరింటికల్లా వచ్చేస్తాడు,” అంది హిల్కా.

పని అయ్యాక ఒక కాగితం సౌనా గోడకి అతికించి వచ్చేవాడు. హిల్కా చేతిరాత. కట్టెలు రెండు వేసవులు ఆరనివ్వండి, మంట పైన అంటించండి, అట్టతో చేసిన పాలడబ్బాలు పొయ్యిలో వేయకండి. మా ఇంట్లో ఆ కాగితం చూసి మా ఆయన, ముప్పై ఏళ్ళ నుంచి అగ్గి రాజేస్తున్నవాడికి ఇప్పుడు పాఠమా అని గొణిగాడు. ఆ శనివారం బయట నిలబడి గొట్టం వైపు చాలాసేపు చూశాడు. లోపలికొచ్చి, మంట ఆరిపోయిందనుకున్నా అన్నాడు.

ముప్పై ఒకటో నంబరు తౌనోది. అతను రిటైరైన బస్సు డ్రైవరు, సమయం అంటే ప్రాణం. పాత పలకలూ, రంగు వేసిన కిటికీ చట్రాలూ, ఏది దొరికితే అది పొయ్యిలో వేస్తాడు. పొరుగున కేర్తు అనే ఆవిడ ఒక్కతే ఉంటుంది. బడిలో వంటచేసి రిటైరైంది. ఊపిరితిత్తుల జబ్బు. ఎప్పుడో తౌనో తన వాకిట్లో మంచు ఎత్తి ఆవిడ కంచె మీద పోశాడని ఇద్దరికీ పదకొండేళ్ళ నుంచి మాటల్లేవు. అర్వో రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ తౌనో గుమ్మంలోంచే పంపేశాడు. బాగున్న పొయ్యిని బాగుచేయించుకునే ఖర్మ తనకి పట్టలేదన్నాడు.

మూడోసారి అర్వో జూన్ నెలలో ఒక శనివారం వెళ్ళాడు. చేతిలో సామాను లేదు, చంకలో తువ్వాలుంది. తువ్వాలుతో వచ్చిన మనిషిని వెనక్కి పంపడం మా వైపు లేదు. ఇద్దరూ పాత పొయ్యితోనే స్నానం చేశారు. తర్వాత ఒళ్ళు చల్లారడానికి బయట మెట్ల మీద కూర్చున్నారు. అక్కడి నుంచి కేర్తు కిటికీలు కనిపిస్తాయి. తౌనో పొగ కంచె దాటి ఆవిడ కప్పు మీద వాలుతోంది. ఆ రోజు వాళ్ళు మాట్లాడుకున్నది తౌనో నాకు తర్వాత ఒకటికి రెండుసార్లు చెప్పాడు, అందుకే ఉన్నదున్నట్టు రాయగలుగుతున్నాను.

“ఆ కిటికీల చుట్టూ టేపు ఎందుకు?” అని అర్వో అడిగాడు.

“చలికి అనుకుంటా.”

“జూన్‌లోనా?”

తౌనో ఆ కిటికీల వైపు చూశాడు. “ఆవిడకి చలెక్కువేమో.”

“శనివారం వేస్తుంది. ఆదివారం తీసేస్తుంది.”

“నీకెవరు చెప్పారు?”

“పోస్టావిడ.”

చెప్పింది నేనే. అడిగితే మళ్ళీ చెబుతాను.

తౌనో తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు. “నువ్వే కదయ్యా ఆ రోజు చెప్పావు, ముప్పై ఐదు నిమిషాలు, ఊళ్ళో ఇలాంటిది లేదని.”

“చెప్పాను. తప్పు చేశాను.”

“ఇప్పుడెంత పడుతుంది?”

“నలభై ఏడు.”

“ఆ పన్నెండు నిమిషాలు నన్నేం చెయ్యమంటావు?”

“ఇన్నేళ్ళూ మిగిలిన పన్నెండు నిమిషాలతో ఏం చేశావు?”

తౌనో చాలాసేపు ఆలోచించాడట. డ్రైవరుగా నిమిషాలు లెక్కపెట్టినవాడు కదా, నిజంగానే వెతికి చూశాడట. “ఏమీ చెయ్యలేదు,” అన్నాడు. తువ్వాలు తీసుకుని లేస్తూ, “మంగళవారం రా,” అన్నాడు.

మంగళవారం అర్వో జాలీ మూసి, తలుపు మార్చాడు. కిటికీ చట్రాలు కాల్చడం మానడానికి తౌనోకి ఇంకో నెల పట్టింది. ఆగస్టులో కేర్తు కిటికీలకి టేపు వేయడం మానేసింది. నేను ఉత్తరమిస్తూ అడిగితే, టేపు అయిపోయిందని చెప్పింది. ఆవిడా తౌనో స్నేహితులేం కాలేదు. ఆ చలికాలం మాత్రం అతను మంచు ఎత్తి రెండోవైపు పోశాడు. దాని గురించి ఇద్దరిలో ఎవరూ ఒక్క మాటా అనలేదు.

అర్వోకి ఆ తిరుగుడు నాలుగేళ్ళు పట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని చేసే పని కదా, మూడో ఏడాది నుంచి ప్రతి ఇంట్లోనూ లేవడానికి గోడ పట్టుకునేవాడు. నూట అరవై పొయ్యిలు సరిచేశాడు. ఇరవై మూడు పాత ఇనుము కింద పోయాయి. ఒకటి విశ్వవిద్యాలయంలో ఉంది. ఇరవై తొమ్మిది మంది ఒప్పుకోలేదు. వాళ్ళ ఇళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు అర్వో వ్యాను నెమ్మది చేసి గొట్టాల వైపు చూసేవాడు, కొందరికి అది నచ్చేది కాదు. శనివారం మా ఊరి మీద పొగ పూర్తిగా పోయిందని చెప్పను. గుట్ట మీది చర్చి శిఖరం మాత్రం ఇప్పుడు మూడు దాటాక కూడా కనిపిస్తుంది.

చివరికి ఒక్కటి మిగిలింది, తొమ్మిదో నంబరు. అది సరస్సు మధ్య ద్వీపంలో ఉంది. అక్కడ సెల్మా అనే ఎనభై నాలుగేళ్ళ ముసలావిడ ఒంటరిగా ఉంటుంది. వేసవిలో ఆ వైపు ఉత్తరాలు పడవ మీద తీసుకెళ్ళేది నేనే కాబట్టి, ఒక శనివారం అర్వోనీ అతని సామానునీ ఎక్కించుకున్నాను. అతను దారంతా నీళ్ళ వైపే చూశాడు.

సెల్మా రేవులో వలలు దులుపుతోంది. అర్వో తన మాట తను చెప్పాడు. సరే చూసుకో అని ఆవిడ సౌనా వైపు చెయ్యి ఊపింది. అతను గొట్టం వైపు చూసి, ఇంకా వెలిగించలేదా, మంచిదే అయింది, పొయ్యి చల్లగా ఉంటే పని తేలిక అన్నాడు.

“వెలిగించి అరగంటైంది,” అంది సెల్మా.

గొట్టం పైన గాలి మాత్రం సన్నగా వణుకుతోంది. పొగ లేదు. అర్వో లోపలికి వెళ్ళి పొయ్యి తలుపు తెరిచాడు. నేనూ వంగి చూశాను. మూడు లావు కట్టెలు, పై నుంచి కిందికి కొవ్వొత్తిలా నెమ్మదిగా కాలుతున్నాయి. కింద జాలీ మీద సగానికి ఒక చదును రాయి పెట్టి ఉంది.

“ఈ రాయి ఎప్పుడు పెట్టారు?” అని అర్వో అడిగాడు.

“నువ్వు పొయ్యి బిగించి వెళ్ళిన వారమే. ఆ గాలి హోరు నాకు నచ్చలేదు. కట్టెలు కూడా ఊరికే తినేసేది. నువ్వు మళ్ళీ వస్తే చెబుదామనుకున్నాను.”

“మంట పైన అంటించమని ఎవరు చెప్పారు?”

“మా అమ్మ అలాగే అంటించేది.”

“ఎన్ని నిమిషాలు పడుతుంది?”

“నేనెప్పుడూ చూడలేదు బాబూ. ఇక్కడి నుంచి నేనెక్కడికి వెళ్ళాలి కనుక?”

అర్వో ఆ రాయిని కాసేపు చూశాడు. పొయ్యి తలుపు అతను మూసిన తీరు చూస్తే అది పసిపిల్ల నిద్రపోతున్న గది అనుకుంటారు. పెట్టె తెరవకుండానే సామాను మోసుకొచ్చి పడవలో పెట్టేశాడు. సెల్మా స్నానం చేసి వెళ్ళమంది. ముందు మేమిద్దరం ఆడవాళ్ళం చేశాం, తర్వాత అతను వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. నీళ్ళు పోసిన చప్పుడు రెండుసార్లే వినిపించింది. బయటికొచ్చాక సెల్మా రై అనే ధాన్యం పిండిలో చేపలు పెట్టి కాల్చిన రొట్టె కోసి ఇచ్చింది. రెండో ముక్క అడిగి తీసుకున్నాడు. అర్వో అడిగి తీసుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో, ఇంజను చప్పుడు మీదుగా, “ముప్పై ఏళ్ళ కిందటే ఒకసారి వచ్చి ఉండాల్సింది,” అన్నాడు.

ఇంకో రెండు ద్వీపాలకి ఉత్తరాలు ఇవ్వాలి, ఇంటికి ఆలస్యమవుతుందని చెప్పాను. ఫరవాలేదన్నాడు. గాలి లేచి నీళ్ళు చిందుతుంటే, ఉత్తరాల సంచి తడవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.